మిగులు ఆటగాడు ఎవరి సొత్తు?

కీపర్ లీగ్ ఫాంటసీ ఫుట్‌బాల్‌లో ఒక పద్ధతి. పది పన్నెండు మంది కలిసి, మైదానంలో నిజంగా ఆడే ఆటగాళ్ల పేర్లను వంతులవారీగానో వేలంలోనో పంచుకుంటారు. ఆ ఆటగాళ్లు వారం వారం వేసే గోల్స్, అందించే పాస్‌లు, ఆపే షాట్లు పాయింట్లవుతాయి. పేరు ఎవరి జాబితాలో ఉంటే పాయింట్లు వారి ఖాతాలో పడతాయి. మామూలు లీగులో సీజన్ ముగియగానే జాబితాలన్నీ చెరిపేస్తారు. కీపర్ లీగులో మాత్రం ముందే అనుకున్న సంఖ్య మేరకు, ముగ్గురినో నలుగురినో, వచ్చే ఏడాదికి అట్టిపెట్టుకోవచ్చు. మిగిలినవాళ్లు గడువు తేదీన ఉమ్మడి జాబితాలోకి తిరిగి వెళ్తారు. అట్టిపెట్టుకోదగ్గవాళ్లు ఆరుగురున్న మేనేజరుకు నలుగురినే ఉంచుకునే వీలుంటే ఇద్దరు మిగులు. గడువు దాటితే ఆ ఇద్దరి వల్ల అతనికి ఒరిగేది సున్నా. అందుకే గడువుకు ముందు బేరాలు జోరందుకుంటాయి. ఇద్దరు మంచివాళ్లను ఇచ్చి ఒక మేటి ఆటగాణ్ణి తెచ్చుకుంటారు, లేదా ఒకణ్ణి ఇచ్చి వచ్చే ఏడాది ఎంపికలో ముందు వంతు రాయించుకుంటారు.

చూడటానికి కాలక్షేపపు లెక్కే. కానీ ఇందులో మూడు పాత ప్రశ్నలున్నాయి. తనది కానిదాన్ని మనిషి మారకం వేయవచ్చా? రేపు ఎలాగూ చేజారేదానికి ఇవాళ ధర అడగడం న్యాయమేనా? ఆట మీద డబ్బు పెడితే ఈ మారకం జూదంలో భాగమవుతుందా? వీటిని కలగాపులగం చేస్తే ఏ ఒక్కదానికీ సరైన జవాబు దొరకదు. ఫాంటసీ ఆటల మీద సాగే మతచర్చల్లో చాలాభాగం అలా చెడిపోయినవే.

ఈ ఆట పుట్టింది అమెరికాలో. ఓక్లాండ్ రైడర్స్ జట్టులో వాటాదారైన బిల్ వింకెన్‌బాక్ 1962లో మిత్రులతో కలిసి అమెరికన్ ఫుట్‌బాల్‌కు నియమాలు రాశాడు. బేస్‌బాల్‌లో 1980లో డేనియల్ ఓక్రెంట్ బృందం మొదలుపెట్టిన రోటిసరీ లీగ్ దీనికి ప్రచారం తెచ్చింది. హైదరాబాద్‌లో ఫుట్‌బాల్ అంటే కాలితో ఆడే బంతాటే కనుక ఇక్కడివారికి చేరువైనది 2002లో మొదలైన ఫాంటసీ ప్రీమియర్ లీగ్. అందులో ఒకే ఆటగాణ్ణి ఎందరైనా ఎంచుకోవచ్చు కాబట్టి మిగులు ప్రశ్నే రాదు. ఒక ఆటగాడు ఒక్కరికే చెందే డ్రాఫ్ట్, కీపర్ పద్ధతుల్లోనే అది తలెత్తుతుంది.

తెలుగు పాఠకుడికి ఈ లెక్క ఐపీఎల్ ద్వారా ఇప్పటికే పరిచయం. 2018 నవంబరులో సన్‌రైజర్స్ హైదరాబాద్ తమ ఓపెనర్ శిఖర్ ధావన్‌ను ఢిల్లీకి ఇచ్చి విజయ్ శంకర్, షాబాజ్ నదీమ్, అభిషేక్ శర్మలను తెచ్చుకుంది. ధావన్ ధర 5.2 కోట్లు. వచ్చినవాళ్లలో ఇద్దరిది చెరి 3.2 కోట్లు, మూడోవాడిది 55 లక్షలు. ఆనాడు బేరం తూకం సరిపోవడానికి వేసిన కొసరులా కనిపించిన ఆ 55 లక్షల కుర్రవాడే తర్వాత ఓపెనర్‌గా ఎదిగి, 2025 సీజన్‌కు 14 కోట్లకు అట్టిపెట్టుకోవలసిన ఆటగాడయ్యాడు. మారకం రోజున ఏది మిగులో ఏది మూలధనమో తెలియదనడానికి హైదరాబాద్‌లో ఇంతకంటే మంచి సాక్ష్యం వెతకనక్కర్లేదు. ఇస్లామిక్ న్యాయశాస్త్రమైన ఫిఖహ్‌లో పండితులు గరర్ అని పిలిచే అనిశ్చితి ఇలాంటిదే.

చార్మినార్ నుంచి లాడ్ బజార్ మీదుగా పడమరకు నడిస్తే మహబూబ్ చౌక్, అది దాటితే హుస్సేనీ ఆలం. ఇమామ్ హుస్సేన్ స్మృతిలో నిలిపిన ఆలం (పతాక చిహ్నం) వల్ల ఆ పేటకు ఆ పేరు వచ్చింది. అక్కడి ఆషూర్‌ఖానా (మొహర్రం సంతాప మందిరం) కుతుబ్‌షాహీల కాలం నాటిది. షియాలూ సున్నీలూ పక్కపక్కన బతికే పాతబస్తీ పేట అది. దగ్గర్లోని శిబ్లీ గంజ్‌లో మౌలానా అన్వారుల్లా ఫారూఖీ 1876లో స్థాపించిన జామియా నిజామియా ఉంది. వ్యాపారం, వారసత్వం, వడ్డీ, బీమా వంటి వ్యవహారాల్లో ఏది జాయజ్ (చెల్లేది), ఏది నాజాయజ్ (చెల్లనిది) అని ముఫ్తీలను అడిగే అలవాటు ఇలాంటి పేటల్లో తరాలుగా ఉంది. ఫుట్‌బాల్ కూడా ఈ నగరానికి కొత్తది కాదు. సయ్యద్ అబ్దుల్ రహీమ్ శిక్షణలో హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదుసార్లు రోవర్స్ కప్ గెలిచింది. ఆయన శిక్షణలోనే భారత జట్టు 1951, 1962 ఆసియా క్రీడల్లో స్వర్ణాలు తెచ్చింది. ఆటా, హలాల్ హరామ్ విచారణా రెండూ బతికున్న చోట ఆటగాళ్ల మారకం గురించి ప్రశ్న పుట్టడం సహజమే.

మొదటిది స్వత్వం ప్రశ్న. మనువు చెప్పిన 18 వ్యవహార పదాల్లో మూడోది అస్వామివిక్రయం, అంటే యజమాని కానివాడు అమ్మడం. చివరిది ద్యూత సమాహ్వయాలు. ఫాంటసీ లీగు మీద ఫిర్యాదు వస్తే ఈ రెండు పద్దుల కిందా నమోదు చేయవలసి వస్తుంది.

ఏది సొత్తు, ఏది కాదు అన్న చర్చను జైమిని మీమాంసా సూత్రాల ఆరో అధ్యాయంలో విశ్వజిత్ యాగం సందర్భంగా ఎత్తుకున్నాడు. ఆ యాగంలో యజమాని తన సర్వస్వాన్నీ దక్షిణగా ఇవ్వాలి. అయితే తల్లిదండ్రులను ఇవ్వాలా? నా తల్లి, నా తండ్రి అంటాడు కదా. ఇవ్వకూడదు, ఎందుకంటే అక్కడున్నది బంధం, స్వామ్యం కాదు. రాజు భూమినంతా ఇచ్చేయవచ్చా? కుదరదు. పాలకుడు భూమిని కాపాడి అందుకు ప్రతిఫలంగా భాగం తీసుకునేవాడే తప్ప భూమికి యజమాని కాడు. ధర్మం ప్రకారం సేవ చేస్తున్న సేవకుణ్ణి? అతణ్ణీ ఇవ్వరాదు. సేవ అందుతున్నంత మాత్రాన మనిషి సొత్తు అయిపోడు. నావి అని చెప్పుకునే వాటిలో ఎన్నింటిని దానమివ్వగలమో, ఎన్నింటిని మార్చుకోగలమో వడగట్టే ఈ పద్ధతి మేనేజరు బేరానికీ అన్వయిస్తుంది. జాబితాలోని ఫార్వర్డ్ అతనికి తల్లిదండ్రుల్లాంటివాడు కాకపోవచ్చు, దానమివ్వదగ్గ గోవులాంటివాడు మాత్రం కాడు.

మరి ఆ జాబితాలో ఉన్నదేమిటి? దీనికి యాజ్ఞవల్క్య స్మృతి వ్యాఖ్య అయిన మితాక్షర దారి చూపుతుంది. విజ్ఞానేశ్వరుడు ఆ వ్యాఖ్యను పశ్చిమ చాళుక్యుల రాజధాని కల్యాణంలో రాశాడు. ఇప్పుడు అది కర్ణాటకలోని బసవకల్యాణ్. 1956 దాకా ఆ ప్రాంతం హైదరాబాద్ రాష్ట్రంలోనే ఉండేది. స్వత్వం శాస్త్రం వల్ల మాత్రమే తెలిసేదా, లోకవ్యవహారం వల్ల తెలిసేదా అన్న వివాదంలో ఆయన లోకం వైపు నిలిచాడు. శాస్త్రం ఎరగని ప్రత్యంతవాసులు కూడా కొనడం అమ్మడం చేస్తున్నారు కాబట్టి అది లౌకికమేనన్నది ఆయన యుక్తి. ఆ తర్క ప్రకారం పన్నెండుమంది ఒప్పుకుని రాసుకున్న నియమం ఆ పన్నెండుమంది మధ్య ఒక చిన్న స్వత్వాన్ని పుట్టించగలదు. అది ఆటగాడి మీద స్వత్వం కాదు, అతని పాయింట్లు తన ఖాతాలో రాసుకునే హక్కు మాత్రమే. లీగు గడప దాటితే దానికి ఉనికి లేదు.

ఇంతదాకా వచ్చాక సభాపర్వం గుర్తు రాక మానదు. ధర్మరాజు ముందు తనను తాను ఓడి తర్వాత నన్ను పణంగా పెట్టాడా అని ద్రౌపది అడిగిన ప్రశ్న స్వత్వం గురించినదే. స్వతంత్రం పోయినవాడు ఇంకొకరిని ఎలా ఒడ్డగలడు? భీష్ముడు తేల్చలేకపోయాడు, వికర్ణుడు ఆ పందెం చెల్లదని తెగేసి చెప్పాడు. ఫాంటసీ లీగును విమర్శించేవారు ఈ కథను తరచు ముందుకు తెస్తారు కానీ పోలిక సగమే నిలుస్తుంది. అక్కడ పాచిక పడగానే ఒక మనిషి బతుకు మారిపోయింది. ఇక్కడ మాంచెస్టర్‌లోనో మాడ్రిడ్‌లోనో ఉన్న ఆటగాడికి తన పేరు ఒక జాబితా నుంచి ఇంకోదానికి మారిందని తెలియను కూడా తెలియదు. అతని జీతం, ఇల్లు, జట్టు, రేపటి ఆట అన్నీ ఉన్నచోటే ఉంటాయి.

ద్రౌపది ప్రశ్న సూటిగా తగిలేది నిజమైన క్లబ్బులకు. కాంట్రాక్టు ముగిసినా ఆటగాణ్ణి వేరే క్లబ్బుకు పోనివ్వకుండా అట్టిపెట్టే నియమం ఇంగ్లండులో దశాబ్దాలపాటు చెల్లింది. న్యూకాసిల్ ఆటగాడు జార్జ్ ఈస్టమ్ దాని మీద కోర్టుకు వెళ్తే, 1963లో న్యాయమూర్తి విల్బర్‌ఫోర్స్ అది వృత్తి స్వేచ్ఛకు అన్యాయమైన ఆటంకమని తీర్పు చెప్పాడు. అమెరికా బేస్‌బాల్‌లో సెయింట్ లూయిస్ జట్టు 1969లో కర్ట్ ఫ్లడ్‌ను అడగకుండానే ఫిలడెల్ఫియాకు ఇచ్చేసింది. తాను కొని అమ్ముకునే సరుకును కానని కమిషనరుకు లేఖ రాసి అతను దావా వేశాడు, 1972లో సుప్రీంకోర్టులో ఓడిపోయాడు. యూరప్‌లో 1995 డిసెంబరు నాటి బోస్మన్ తీర్పుతో కాంట్రాక్టు ముగిసిన ఆటగాడికి క్లబ్బు మార్చుకునే స్వేచ్ఛ దక్కింది. ఐపీఎల్‌లోనూ ట్రేడ్ జరగాలంటే ఆటగాడి సమ్మతి కావాలి. కీపర్ లీగు అనుకరిస్తున్నది ఈస్టమ్, ఫ్లడ్ ఎదిరించిన ఆ పాత అట్టిపెట్టే హక్కునే. అయితే దెబ్బ తినే మనిషి లేడు కనుక అనుకరణకు పాపం అంటదు. ఒక్క మాట చెప్పుకోవాలి. పాయింట్లు రాని వారం గాయపడిన ఆటగాణ్ణి పేరుపెట్టి తిట్టడం, అతని సోషల్ మీడియా పేజీకి వెళ్లి మరీ దూషించడం ఈ ఆటతో వచ్చిన దుర్గుణం. అక్కడ దెబ్బ తినే మనిషి ఉన్నాడు, ఆ పాపానికి ఆట అడ్డురాదు.

సున్నీ మజ్హబుల్లో, అంటే న్యాయ సంప్రదాయాల్లో, ఒకటైన హనఫీ ఫిఖహ్ ఇదే ప్రశ్నను అమ్మకం షరతుల వైపు నుంచి చూస్తుంది. అమ్మేది మాల్ (విలువగల సొత్తు) అయి ఉండాలి, చేతిలో ఉండాలి, కొన్నవాడికి అప్పగించగలిగేదై ఉండాలి. తన దగ్గర లేనిదాన్ని అమ్మవద్దని ప్రవక్త హకీమ్ బిన్ హిజామ్‌తో చెప్పిన హదీసు దీనికి ఆధారం. ఫిఖహ్ గ్రంథాలు మాటిమాటికీ ఇచ్చే ఉదాహరణ గాలిలో ఎగిరే పిట్ట, నీళ్లలోని చేప. వాటిని పట్టకుండా అమ్మడం చెల్లదు. మహబూబ్ చౌక్ పక్కనున్న ముర్గీ చౌక్‌లో కోళ్లూ పావురాలూ అమ్మే పాతబస్తీకి ఈ ఉదాహరణ విడమరచి చెప్పనక్కర్లేదు. అలవాటుగా గూటికి తిరిగొచ్చే పావురం ఎగురుతున్నప్పుడు కూడా అమ్మవచ్చని కొందరు హనఫీలు, కూడదని మరికొందరు రాశారు. అప్పగించగలగడం అన్న షరతును ఎంత సూక్ష్మంగా తూచారో దీనితో తెలుస్తుంది.

స్వతంత్రుడైన మనిషి మాల్ కాడు. అతని అమ్మకం మొదలే చెల్లదు. కాబట్టి ఆటగాణ్ణి అమ్మానన్న మాటను అక్షరాలా తీసుకుంటే అది బాతిల్, అంటే చెల్లనిది. కానీ ఏ మేనేజరూ ఆ అర్థంలో అనడు. చేతులు మారుతున్నది హక్కు. ఇక్కడ హనఫీలకు ఇంకో ఇబ్బంది ఎదురవుతుంది. పొరుగువాడికి ముందుగా కొనుక్కునే షుఫా హక్కు వంటి ఒట్టి హక్కులను డబ్బుకు అమ్మడానికి ఆ మజ్హబ్ ఒప్పుకోదు. తర్వాతి కాలపు పండితులు మాత్రం ఒక పదవిలో ఉన్నవాడు ప్రతిఫలం తీసుకుని ఇంకొకరి కోసం దాన్ని వదులుకోవడాన్ని ఆచారం దృష్ట్యా అనుమతించారు. 1836లో మరణించిన దమస్కస్ పండితుడు ఇబ్న్ ఆబిదీన్ దీన్ని వివరంగా చర్చించాడు. మన కాలంలో ట్రేడ్‌మార్కులు, రచనా హక్కుల విషయంలో ముఫ్తీ తఖీ ఉస్మానీ ఈ వాదాన్నే విస్తరించారు. మిగులు ఆటగాళ్ల మారకానికి సరిగ్గా అతికేది ఈ వదులుకోవడమే. ఒకరు ఈ పేరు మీద తన పట్టు విడుస్తారు, బదులుగా ఇంకొకరు ఆ పేరు మీద తమ పట్టు విడుస్తారు. మధ్యలో డబ్బు లేనంతవరకు అభ్యంతరానికి చోటు కనిపించదు.

ఆషూర్‌ఖానా నిర్వాహకుడైన ముతవల్లీ స్థితి కూడా ఇక్కడ ఆలోచించదగ్గది. వక్ఫ్ ఆస్తి (మతకార్యానికి అంకితమైన ఆస్తి) అతని అధీనంలో ఉంటుంది, అతని సొత్తు కాదు. అమ్మలేడు, ఎవరికీ ఇవ్వలేడు, పిల్లలకు పంచలేడు. అవసరమై మార్పిడి చేయవలసి వస్తే కఠినమైన షరతులున్నాయి. మేనేజరుకు అంత బరువు లేదు. అయినా అధీనంలో ఉండటం, సొంతం కావడం వేరని ఒప్పుకున్న సంప్రదాయానికి కీపర్ జాబితాను అర్థం చేసుకోవడం కష్టం కాదు.

రెండో ప్రశ్న మిగులు గురించి. ఎక్కువై ఉన్నదాన్ని ఏం చేయాలి? భాగవతం సప్తమ స్కంధంలో నారదుడు ధర్మరాజుకు చెప్పే గృహస్థ ధర్మం కరుకైనది. కడుపు నిండేంత వరకే మనిషికి హక్కు, అంతకు మించి నాదనుకునేవాడు దొంగ. తర్వాత జూదంలో రాజ్యం పోగొట్టుకోబోతున్నవాడే ఆ మాట వినడం గమనించదగ్గ సంగతి. ఇస్లాంలో ప్రవక్త సహచరుడు అబూ జర్ గిఫారీ దాదాపు ఇదే వైఖరి తీసుకున్నారు. అవసరానికి మించి కూడబెట్టడమే తప్పన్నారు. చివరికి మదీనాకు దూరంగా రబ్జాలో ఒంటరిగా కన్నుమూశారు. అధికసంఖ్యాక పండితులు ఆయనతో ఏకీభవించలేదు. విధిగా ఇవ్వవలసిన దానమైన జకాత్ చెల్లించాక మిగిలింది యజమానిదేనన్నారు.

సరుకు దాచి ధర పెంచే ఇహ్తికార్ విషయంలోనూ ఇలాంటి భేదమే ఉంది. అబూ హనీఫా దాన్ని మనుషుల, పశువుల ఆహారానికి పరిమితం చేశారు. ఆయన శిష్యుడు అబూ యూసుఫ్ దాచడం వల్ల జనానికి హాని కలిగే ప్రతి వస్తువుకూ వర్తింపజేశారు. మిగులు స్ట్రైకర్‌ను గడువుదాకా బిగబట్టి ఎవరికీ అందనివ్వని మేనేజరు అబూ యూసుఫ్ లెక్కలో కూడా దోషి కాడు. ఎవరి పొయ్యీ ఆరిపోదు. ఆటలోని కొరత మేనేజర్లే తమకు తాము పెట్టుకున్న కొరత. దాన్ని బియ్యం కొరతతో సమానంగా తూచడం బియ్యం లేనివాణ్ణి అవమానించడమే.

కాబట్టి మిగులును ఊరికే ఇచ్చేయవలసిన బాధ్యత లేదు. ధర అడగవచ్చు. ఎంత అన్నదే అసలు చిక్కు. గడువు దగ్గర పడేకొద్దీ కొనేవాడికి ఓపిక పెరుగుతుంది. రెండు రోజులు ఆగితే ఆ పేరు ఉమ్మడి జాబితాలో ఊరికే దొరుకుతుందని అతనికి తెలుసు. అమ్మేవాడు తొందరపడతాడు. గత్యంతరం లేనివాడి నుంచి కారుచౌకగా కొనడాన్ని హదీసులు నిరసించాయి. కానీ కీపర్ గడువు ఎవరి మీదా విరుచుకుపడిన ఆపద కాదు. అందరికీ ఒకటే, సీజన్ మొదట్లోనే రాసి ఉన్నది. ఆ ఒత్తిడిని వాడుకోవడం బేరమే తప్ప దోపిడీ అనిపించుకోదు.

బేరం ఎక్కడ దోపిడీ అవుతుందో చెప్పడానికి ఉస్మానియా (ఒట్టోమన్) సామ్రాజ్యంలో హనఫీ న్యాయాన్ని క్రోడీకరించిన మజల్లా అంకెలే ఇచ్చింది. మామూలు సరుకుల్లో ఇరవయ్యో వంతు, పశువుల్లో పదో వంతు, స్థిరాస్తిలో ఐదో వంతు తేడా వస్తే అది గబన్ ఫాహిష్, ఘోరమైన నష్టం. అయినా ఆ ఒక్క కారణంతో అమ్మకం రద్దు కాదు. నష్టానికి మోసం తోడవ్వాలి. అనాథల ఆస్తి, వక్ఫ్, ప్రభుత్వ ఖజానా విషయంలో మాత్రం మోసం లేకపోయినా రద్దవుతుంది. తన సొమ్ము విషయంలో పొరపాటు పడే హక్కు పెద్దలకు ఉంది, పరుల సొమ్ము చూసేవారికి లేదు. ఎవరో ఒకరికి బేరం నచ్చలేదని ట్రేడ్ కొట్టేయమని ఓటు పెట్టే లీగులు ఈ తేడాను పట్టించుకోవడం లేదు. తెలివితక్కువ బేరం అన్యాయం కాదు.

మోసం సంగతి వేరు. ప్రవక్త సంతలో ధాన్యపు రాశిలో చేయి పెట్టి చూస్తే అడుగున తడి తగిలింది. తడిసిన గింజలు జనానికి కనబడేలా పైన ఎందుకు పోయలేదని వర్తకుణ్ణి నిలదీశారు. ఆటగాడి మోకాలి గాయం వార్తల్లో వచ్చి ఉంటే అది పైన పోసిన గింజే, చూసుకోవలసింది కొనేవాడే. ఎక్కడా రాని సంగతి ఇచ్చేవాడికి మాత్రమే తెలిసి ఉంటే చెప్పి తీరాలి. కొన్నాక మనసు మారితే పది రోజుల్లోపు తిరిగి ఇచ్చుకోవచ్చని మనువు గడువిచ్చాడు, అబూ హనీఫా షరతు పెట్టుకున్న అమ్మకంలో మూడు రోజులిచ్చారు. ట్రేడ్ ఖరారయ్యే ముందు ఒకటి రెండు రోజులు ఆగే నియమం పెట్టుకున్న లీగులు అలాంటి వెసులుబాటునే తమకు తెలియకుండా పాటిస్తున్నాయి.

ఇద్దరి మధ్య అంతా సవ్యంగా ఉన్నా మూడోవాడికి అన్యాయం జరిగే సందర్భం ఒకటుంది. గెలిచే ఆశ పోయిన మేనేజరు తన మేటి ఆటగాళ్లను మిత్రుడికి నామమాత్రపు బేరానికి ఇచ్చేస్తాడు. ఇచ్చినవాడూ తీసుకున్నవాడూ సంతోషమే, మోసపోయినవాడు ఆ ఇద్దరిలో లేడు. మిగిలిన పదిమంది నష్టపోతారు. తనకూ హాని వద్దు, పరులకూ హాని వద్దన్న ఫిఖహ్ మూలసూత్రం సరిగ్గా ఇలాంటి చోట పనిచేస్తుంది. కీపర్ లీగులో మిగులు పేరుతో సాగే అసలు అధర్మం ఇదే. లీగు నడిపేవారు కొట్టేయవలసినది ఈ ఒక్క రకం బేరాన్నే.

మూడో ప్రశ్న పందెం. ఖురాన్ రెండో సూరాలోని 219వ ఆయత్ మద్యం, మైసిర్ (జూదం) గురించి అడిగినవారికి జవాబిస్తుంది. వాటిలో కొంత ప్రయోజనం ఉన్నా పాపమే పెద్దదంటుంది. వెంటనే ఏం ఖర్చు పెట్టాలన్న ప్రశ్నకు మిగులు అని చెబుతుంది. జూదమూ మిగులూ ఒకే ఆయత్‌లో పక్కపక్కన ఉండటం ఆలోచన పుట్టించే విషయం. ఆనాటి అరబ్బుల మైసిర్‌లో ఒంటెను కోసి, గుర్తులున్న బాణాలు తీసి మాంసం వాటాలు తేల్చేవారు. గెలిచినవారు ఆ మాంసాన్ని పేదలకు పంచేవారు. ఆయత్ చెప్పిన ప్రయోజనం ఇదేనని చాలామంది వ్యాఖ్యాతలు రాశారు. అంటే దానం చేసినా మైసిర్ మైసిరే. బహుమతి సొమ్ములో కొంత పేదలకు ఇస్తున్నామని చెప్పే లీగులకు జవాబు అక్కడే ఉంది. పేదవాడికి ఇవ్వవలసింది తన మిగులు నుంచి, ఓడినవాడి జేబు నుంచి కాదు.

ఫిఖహ్ దృష్టిలో నైపుణ్యం పందేన్ని పవిత్రం చేయదు. గుర్రప్పందెం, ఒంటె పందెం, విలువిద్య యుద్ధానికి పనికొచ్చే విద్యలు కనుక వాటికే బహుమతి పందెం అనుమతించారు. వాటిలో కూడా పోటీదారులందరూ సొమ్ము పెడితే సున్నీ మజ్హబులలో ఎక్కువమంది ఒప్పుకోరు, ఏమీ పెట్టని మూడోవాడు కూడా పోటీలో ఉండాలంటారు. షియాల జాఫరీ ఫిఖహ్‌లో ఆ మూడోవాడు అక్కర్లేదు కానీ అనుమతించిన ఆటల జాబితా అంత ఇరుకుగానే ఉంటుంది. బయటివాడు పెట్టే బహుమతి ఈ చర్చలో చేరదు, ఎందుకంటే ఓడినవాడు పోగొట్టుకునేది లేదు. హుస్సేనీ ఆలంలో పక్కపక్క ఇళ్ల షియా, సున్నీ కుర్రవాళ్లు ఎవరి ముఫ్తీని వాళ్లు అడిగినా, తలా కొంత వేసుకున్న సొమ్ము గెలిచినవాడికి పోయే లీగు విషయంలో ఒకే జవాబు వస్తుంది.

ధర్మశాస్త్రాల్లో ఏకాభిప్రాయం లేదు. ప్రాణం లేనివాటితో ఆడేది ద్యూతం, ప్రాణులను పెట్టి ఆడేది సమాహ్వయం అని విడదీసిన మనువు రెంటినీ రాజ్యం నుంచి తరిమేయమన్నాడు. అర్థశాస్త్రం మూడో అధికరణం చివరి అధ్యాయం రెంటినీ అనుమతించి, ఒకేచోట, అధికారి కళ్లముందు ఆడించి, గెలిచిన సొమ్ములో నూటికి 5 వసూలు చేయమంటుంది. యాజ్ఞవల్క్యుడూ రాజపర్యవేక్షణ పక్షమే. కోడిపుంజుల స్థానంలో ఫుట్‌బాల్ ఆటగాళ్లున్న సమాహ్వయమే ఫాంటసీ లీగు అనేవారికి ఒక జవాబుంది. పుంజు పందెం కోసమే బరిలోకి దిగుతుంది, ఆటగాడు ఈ పందెం లేకపోయినా ఆడతాడు.

భారతీయ చట్టం చాలాకాలం మూడో దారిలో నడిచింది. అది నైపుణ్యాన్ని కొలబద్దగా తీసుకుంది. ఆ దారి వేసిన కేసు హైదరాబాద్ జంటనగరాలదే. సికింద్రాబాద్‌లోని క్రెసెంట్ రిక్రియేషన్ క్లబ్‌లో రమ్మీ ఆడినవారిపై నిజాం కాలపు హైదరాబాద్ జూద చట్టం కింద పెట్టిన కేసులో, కె. సత్యనారాయణ పేరుతో ప్రసిద్ధమైన తీర్పు 1967 నవంబరులో వెలువడింది. పేకలు గుర్తుపెట్టుకోవడం, ఏది ఉంచుకోవాలో ఏది పారేయాలో తేల్చుకోవడం నైపుణ్యమని సుప్రీంకోర్టు చెప్పింది. అట్టిపెట్టుకోవడం, వదులుకోవడం అనే ఆ రెండు పనులే కీపర్ లీగుకూ ప్రాణం. గుర్రప్పందేలకు 1996లో, ఫాంటసీ క్రీడకు 2017లో పంజాబ్ హర్యానా హైకోర్టులో అదే కొలబద్ద వాడారు.

తెలంగాణ ఆ కొలబద్దను 2017లోనే విరిచేసింది. 1974 నాటి గేమింగ్ చట్టాన్ని సవరించి, డబ్బు పెట్టి ఆడే నైపుణ్యపు ఆటలకున్న మినహాయింపు తొలగించింది. ఆంధ్రప్రదేశ్ 2020లో అదే పని చేసింది. 2025 ఆగస్టు 22న రాష్ట్రపతి ఆమోదం పొందిన కేంద్ర ఆన్‌లైన్ గేమింగ్ చట్టం, నైపుణ్యమా అదృష్టమా అని చూడకుండా డబ్బు పెట్టి డబ్బు ఆశించే ఆన్‌లైన్ ఆటలన్నింటినీ నిషేధించింది. డ్రీమ్ 11 వంటి సంస్థలు డబ్బు పోటీలు ఆపేశాయి. శాసనసభల్లో, పార్లమెంటులో చెప్పిన కారణాలు అప్పులు, ఆత్మహత్యలు, కుటుంబాల పతనం. అవి మతపరమైన కారణాలు కావు. అయినా చట్టం చివరికి చేరింది ఫిఖహ్ మొదటినుంచీ నిలబడిన చోటికే. ఆడేవాడి తెలివిని కొలవడం మాని, ఓడినవాడి జేబును చూడటం మొదలుపెట్టింది.

ప్రవేశరుసుము లేని కీపర్ లీగు ఈ నిషేధాల్లో దేనికిందికీ రాదు. అందులో గడువుకు ముందు, అందరికీ తెలిసేలా, గాయాలు దాచకుండా, మిత్రుణ్ణి గెలిపించే ఉద్దేశం లేకుండా జరిగే మిగులు ఆటగాళ్ల మారకం ధర్మశాస్త్ర ప్రకారం అస్వామివిక్రయమూ కాదు, ఫిఖహ్ ప్రకారం మైసిరూ కాదు. తలా వంద రూపాయలు వేసుకుని గెలిచినవాడికి ఇచ్చే లీగులో, మారకం ఎంత న్యాయంగా జరిగినా, ఆ వంద హరామ్.